బీడు భూమిలో పురుగుల బడి
(కీటకాల శాస్త్రవేత్త జాన్ హెన్రీ ఫాబ్రే జీవితం)

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జువాలజీ)

మన హాస్టల్ కిటికీ మూలల్లో, ట్రంకుపెట్టెల వెనకాల కందిరీగలు కట్టిన మట్టిగూళ్లు చూడని వాళ్లు మనలో ఉండరు. గూడు పగలగొడితే లోపల పచ్చ పురుగులో, సాలెపురుగులో కదలకుండా పడి ఉంటాయి. చచ్చినట్టే ఉంటాయి గానీ కుళ్లవు, ఎండవు. మన పెద్దలు దీన్ని చూసే భ్రమరకీటక న్యాయం అన్నారు. తుమ్మెద ఒక పురుగును గూట్లో పెట్టి దాని చుట్టూ ఝుమ్మని తిరుగుతుంటే, ఆ నాదం వినీ వినీ పురుగు కూడా తుమ్మెదగా మారిపోతుందని నమ్మకం. గురువు దగ్గర చేరిన శిష్యుడు గురువంతటి వాడవుతాడని చెప్పడానికి ఈ పోలిక వాడతారు. పోలిక గొప్పదే. కానీ గూట్లో జరిగేది వేరు. అక్కడ అసలు ఏం జరుగుతుందో ఎండలో గంటల తరబడి కూర్చుని చూసి లోకానికి చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు బడిపంతులు జాన్ హెన్రీ ఫాబ్రే. ఆయన ఒక పేద ఇంటి బిడ్డ. స్కాలర్‌షిప్ మీద చదువుకున్నవాడు. అందుకే ఈ సంచికలో ఆయన గురించి రాయాలనిపించింది.

బాల్యం

ఫాబ్రే 1823 డిసెంబరులో దక్షిణ ఫ్రాన్సులోని సెయింట్ లియోన్స్ అనే కొండ పల్లెలో పుట్టాడు. ఇంట్లో జరుగుబాటు లేక, చిన్నతనంలోనే మలవాల్ అనే ఊళ్లో ఉన్న తాత, నాయనమ్మల దగ్గరికి పంపేశారు. చలికి, గాలికి నిలవని ఆ నేలలో వాళ్లది చిన్న సేద్యం. నాలుగు ఆవులు, గొర్రెలు. తాతకు, నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. ఆ ఇంట్లో పుస్తకం అన్నదే లేదు.

అక్కడే ఆ పిల్లవాడు తన మొదటి ప్రయోగం చేశాడు. సూర్యుణ్ణి మనం కంటితో చూస్తున్నామా, నోటితో చూస్తున్నామా అని అనుమానం వచ్చింది. కళ్లు మూసుకుని నోరు తెరిచాడు, వెలుగు పోయింది. నోరు మూసుకుని కళ్లు తెరిచాడు, వెలుగు వచ్చింది. మళ్లీ చేసి చూశాడు. అదే ఫలితం. కంటితోనే చూస్తున్నామని తేల్చుకుని రాత్రి ఇంట్లో చెబితే అందరూ నవ్వారు. మనకూ నవ్వు వస్తుంది. కానీ ఎవరో చెప్పారని కాకుండా తానే చేసి చూసి నమ్మాలనే గుణం ఆ పసివాడిలో అప్పుడే ఉంది. చివరి వరకూ అదే ఆయన పద్ధతి.

ఏడేళ్లకు సొంత ఊరికి తిరిగి వచ్చి బడిలో చేరాడు. ఒకే గది. అదే బడి, అదే వంటిల్లు, అదే పడకగది. కోళ్లు, పందిపిల్లలు పిల్లల మధ్యకే వచ్చేసేవి. పంతులుగారు మధ్యలో లేచి క్షవరాలు చేసేవాడు, చర్చి గంట కొట్టేవాడు. అక్కడ ఫాబ్రేకు అక్షరాలు రాలేదు. తండ్రి సంతలో కొని తెచ్చిన జంతువుల బొమ్మల కాగితం చూసి, ఒక్కో బొమ్మ పేరు పట్టుకుని ఇంట్లోనే అక్షరాలు నేర్చుకున్నాడు.

పదేళ్లప్పుడు కుటుంబం రోడెజ్ పట్టణానికి వలస పోయింది. తండ్రి అక్కడ చిన్న కాఫీ అంగడి పెట్టాడు. కొడుకు ప్రార్థనా మందిరంలో పూజ పనులు చేయాలి, దానికి బదులు బడిలో ఫీజు ఉండదు. అలా కొన్నాళ్లు చదువు సాగింది. అంగడి నడవలేదు. మరో ఊరు, మరో అంగడి, మళ్లీ నష్టం. చివరికి ఇల్లు చెదిరిపోయింది. బడి మానేసిన ఫాబ్రే సంతలో నిమ్మకాయలు అమ్మాడు. రైలు దారి వేసే చోట కూలి పని చేశాడు. ఆకలితో గడిపిన రోజులున్నాయి.

ఒక పరీక్ష మార్చిన జీవితం

అవిన్యోన్ పట్టణంలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఉండేది. పోటీ పరీక్షలో నెగ్గిన వాళ్లకు సీటు, తిండి, పడక ఉచితం. మన భాషలో చెప్పాలంటే స్కాలర్‌షిప్‌తో పాటు హాస్టల్. ఫాబ్రే పరీక్ష రాసి మొదటి స్థానంలో వచ్చాడు. మిత్రులారా, ఈ ఒక్క విషయం మనం జాగ్రత్తగా గమనించాలి. ఆయన తెలివి రైలు దారి పనిలో ఉన్నప్పుడూ ఉంది. కానీ ఆ సీటు, ఆ రెండు పూటల తిండి లేకపోతే ఆ తెలివి మట్టి మోస్తూనే ముగిసిపోయేది. కష్టపడితే చాలు అని చెప్పేవాళ్లు ఈ సగాన్ని మరచిపోతారు.

1842లో ఆయన కార్పెంత్రాస్ అనే ఊళ్లో పంతులుగా చేరారు. జీతం ఏడాదికి 700 ఫ్రాంకులు. పిల్లల్ని పొలాల్లోకి తీసుకుపోయి భూమి కొలతలు నేర్పేవారు. కొలతలకు పంపిన పిల్లలు మధ్యమధ్య ఆగిపోయి రాళ్ల దగ్గర వంగుతున్నారు. ఏమిటా అని చూస్తే, రాళ్లకు అంటుకుని ఉన్న మట్టిగూళ్లలోంచి గడ్డిపరకలతో తేనె పీలుస్తున్నారు. మట్టితో ఇల్లు కట్టే తేనెటీగలు అవి. పంతులుగారు కూడా వాళ్లతో కలిసి తేనె రుచి చూశారు. ఆ ఈగ గురించి తెలుసుకోవాలని ఒక పెద్ద కీటకాల పుస్తకం కొన్నారు. దానికి ఒక నెల జీతం పోయింది.

చదువు అక్కడితో ఆపలేదు. ఒక కుర్రవాడు వచ్చి బీజగణితం చెప్పమని అడిగాడు. ఫాబ్రేకు బీజగణితం రాదు. అయినా సరే అన్నారు. ఒక పుస్తకం సంపాదించి, ముందు తాను నేర్చుకుని, ఆ తర్వాత కుర్రవాడికి చెప్పారు. అలా కాలేజీ మెట్టు ఎక్కకుండానే లెక్కల్లో, భౌతిక శాస్త్రంలో డిగ్రీలు సంపాదించారు. 1849లో కోర్సికా దీవికి భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడిగా వెళ్లారు. అక్కడికి వచ్చిన మోకెన్ తాండాన్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు నీళ్ల పళ్లెంలో నత్తను ఉంచి, సూదులతో విడదీసి లోపలి భాగాలు చూపించాడు. లెక్కలు వదిలి జీవుల మీద దృష్టి పెట్టమని సలహా ఇచ్చాడు. మలేరియాతో నీరసించి 1853లో ఫాబ్రే అవిన్యోన్ వచ్చేశారు. 1855లో డాక్టరేటు పొందారు.

కుళ్లని పురుగుల రహస్యం

ఆ రోజుల్లోనే లియోన్ డుఫూర్ అనే పెద్దాయన రాసిన వ్యాసం ఒకటి ఫాబ్రే కంటపడింది. సెర్సెరిస్ అనే కందిరీగ మన జీరంగుల్లాంటి మెరిసే పురుగులను పట్టి నేలలోని గూట్లో దాస్తుంది. అవి చాలా రోజులు చెడిపోవు. కందిరీగ తన విషంతో పాటు కుళ్లకుండా కాపాడే మందేదో ఎక్కిస్తుందని డుఫూర్ అనుకున్నారు. పురుగులు చచ్చిపోయాయన్నది ఆయన లెక్క.

ఫాబ్రేకు అనుమానం వచ్చింది. తన ప్రాంతంలో అదే జాతి కందిరీగ ముక్కుపురుగులను వేటాడుతుంది. గూళ్లు తవ్వి ఆ ముక్కుపురుగులను ఇంటికి తెచ్చి చూశారు. కీళ్లు మెత్తగా ఉన్నాయి. కొన్ని మలం కూడా విసర్జించాయి. విద్యుత్తు తగిలిస్తే కాళ్లు కదిలాయి. అంటే చావలేదు, పక్షవాతం వచ్చింది! బతికే ఉన్నాయి కనుక కుళ్లలేదు. కదల్లేవు కనుక పారిపోలేదు.

మరి కందిరీగ ఎక్కడ కుడుతుంది? వేటను మోసుకొచ్చిన కందిరీగ దగ్గర నుంచి ఆ పురుగును లాగేసి, దాని చోట బతికున్న ముక్కుపురుగును పెట్టారు. కందిరీగ దాని రొమ్ము కింద, మొదటి జత కాళ్లకు రెండో జతకు మధ్య కుట్టింది. పురుగు అక్కడే కుప్పకూలింది. ఆ చోటే ఎందుకు? ముక్కుపురుగుల్లో, జీరంగుల్లో కాళ్లను ఆడించే నాడీ కేంద్రాలు ఒకేచోట దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక్క పోటు చాలు. ఫాబ్రే అంతటితో ఊరుకోలేదు. మొనదేలిన ఉక్కు ములికితో అదే చోట అమోనియా బొట్టు ఎక్కించారు. ఆ పురుగులకూ పక్షవాతం వచ్చింది. నాడీ కేంద్రాలు దూరదూరంగా ఉన్న జాతులపై చేస్తే కాసేపు కొట్టుకుని కోలుకున్నాయి.

ఇక గూట్లో జరిగేది అర్థమవుతుంది. కందిరీగ కదలని పురుగు మీద గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ తాజా మాంసం తిని పెరిగి, కందిరీగై ఎగిరిపోతుంది. మన భ్రమరకీటకంలో పురుగు తుమ్మెద కాలేదు, తుమ్మెద పిల్లకు భోజనం అయింది. ఈ పరిశోధనకు 1856లో ఫ్రెంచి విజ్ఞాన సంస్థ ఫాబ్రేకు మాంతియోన్ బహుమతి ఇచ్చింది. చార్లెస్ డార్విన్ తన గ్రంథంలో ఫాబ్రేను పేర్కొని, పరిశీలనలో ఆయనకు సాటి లేరన్నట్టుగా మెచ్చుకున్నారు.

స్ఫెక్స్ అనే మరో కందిరీగ కీచురాళ్లను వేటాడుతుంది. వేటను గూడు గుమ్మం దగ్గర పెట్టి, ముందు తాను లోపలికి పోయి చూసి వచ్చి, ఆ తర్వాత లాక్కుపోతుంది. అది లోపలికి పోగానే ఫాబ్రే కీచురాయిని కాస్త దూరం జరిపారు. కందిరీగ బయటికి వచ్చి, వెతికి, మళ్లీ గుమ్మం దగ్గర పెట్టి మళ్లీ లోపలికి పోయింది. ఇలా 40 సార్లు జరిపితే 40 సార్లూ అంతే చేసింది. డాక్టరును మించిన నేర్పుతో పోటు పొడిచే జీవికి ఈ చిన్న మార్పు తట్టలేదు! అయితే మరోచోట ఉన్న స్ఫెక్స్‌లు రెండు మూడు సార్లు చూసి, నేరుగా లోపలికి లాక్కుపోయాయి. తన సిద్ధాంతానికి అడ్డమైన ఈ సంగతిని కూడా ఫాబ్రే దాచకుండా రాశారు.

తేనెటీగ మీద సవారీ

1857లో ప్రకటించిన సిటారిస్ కథ ఇంకా విచిత్రమైనది. ఎండ తగిలే మట్టిగట్ల లోపల ఆంథోఫోరా అనే తేనెటీగలు గదులు తవ్వి, తేనె నింపి, ఒక్కో గదిలో ఒక్కో గుడ్డు పెట్టి మూసేస్తాయి. సిటారిస్ అనే పురుగు ఆ గట్టు దగ్గర వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పిల్లలు పుట్టి, చలికాలమంతా తిండి లేకుండా ఒక కుప్పగా అక్కడే పడి ఉంటాయి. వసంతంలో ముందుగా బయటికి వచ్చేవి మగ తేనెటీగలు. పిల్లలు వాటి వెంట్రుకలు పట్టుకుంటాయి. మగ ఈగ ఆడ ఈగతో కలిసినప్పుడు ఆడదాని మీదికి మారతాయి. ఆడ ఈగ తేనె మీద గుడ్డు పెట్టే క్షణంలో ఒక పిల్ల ఆ గుడ్డు మీదికి జారుతుంది. పక్కకు తప్పితే తేనెలో మునిగి చావే. గుడ్డే దానికి తెప్ప. ఆ తెప్పను తినేసి, ఒళ్లు మార్చుకుని, ఈసారి తేనె మీద తేలే లావుపాటి పురుగై, తేనెంతా తాగేస్తుంది. తల్లి ఈగ ఏమీ తెలియక గది మూసి వెళ్లిపోతుంది. ఇన్ని మలుపులున్న జీవితాన్ని ఒక బడిపంతులు సెలవు రోజుల్లో, సొంత ఖర్చుతో బయటపెట్టారు.

అవమానాలు

ఇంత పేరు వచ్చినా అవిన్యోన్‌లో ఫాబ్రే హోదా పెరగలేదు. విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కావాలన్నది ఆయన కోరిక. సొంత ఆస్తి లేనివాడికి ఆ ఆశ వద్దని ఒక పై అధికారి తేల్చి చెప్పాడు. ఆ రోజుల్లో ఆచార్యుల జీతం మర్యాదగా బతకడానికి చాలేది కాదు, ఉన్నవాళ్లకే ఆ పదవి. డబ్బు కోసం ఫాబ్రే మంజిష్ఠ జాతి మొక్క వేళ్ల నుంచి ఎర్ర రంగు తీసే పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పని ఫలించే వేళకు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు 1868లో అదే రంగును కృత్రిమంగా తయారు చేశారు. వేళ్లకు విలువ పోయింది, ఆయన ఆశా పోయింది.

1865లో లూయీ పాశ్చర్ పట్టుపురుగుల తెగులు అరికట్టే పని మీద ఆయన్ను చూడటానికి వచ్చారు. పట్టుకాయను చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల ఏముందని అడిగారు. ప్యూపా ఉంటుందని కూడా తెలియకుండా అంత పని మీదికి దిగిన ఆయన ధైర్యానికి ఫాబ్రే ఆశ్చర్యపోయారు, మెచ్చుకున్నారు. తర్వాత పాశ్చర్ మీ ద్రాక్షసారా నేలమాళిగ చూపించమన్నారు. పేద పంతులు సిగ్గుపడుతూ వంటింట్లో కుర్చీ మీదున్న ఒక్క జాడీని చూపించారు.

విద్యామంత్రి విక్టర్ దురుయ్ ఫాబ్రే విలువ గుర్తించారు. 1868లో ప్రభుత్వ గౌరవ పతకం ఇప్పించారు. పెద్దలకు, ఆడపిల్లలకు సాయంత్రం తరగతులు పెట్టించారు. ఫాబ్రే ఉచితంగా పాఠాలు చెప్పారు. పువ్వులో పుప్పొడి పడి కాయ ఎలా అవుతుందో అమ్మాయిలకు వివరించడం కొందరు మతపెద్దలకు, ఊరి పెద్దమనుషులకు నేరంగా తోచింది. ఇంటి యజమానులైన ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్లు నెలలో ఇల్లు ఖాళీ చేయమన్నారు. రాతకోతలు లేని అద్దె. ఐదుగురు పిల్లలు. యుద్ధం వల్ల పారిస్ నుంచి రావాల్సిన డబ్బు రాలేదు. ఉన్నట్టుండి ఇల్లు ఖాళీ చేయమనే మాట ఎలా తగులుతుందో మనలో చాలామందికి ఎవరూ వివరించనక్కర లేదు.

ఆ కష్టంలో ఆదుకున్నది ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్. లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేసిన మిల్, భార్య సమాధి ఉన్న అవిన్యోన్‌లో స్థిరపడ్డారు. ఇద్దరూ కలిసి మొక్కలు సేకరించేవారు. ఫాబ్రే అడగగానే కాగితం, పూచీకత్తు లేకుండా 3000 ఫ్రాంకులు పంపారు. ఆరాంజ్ పట్టణానికి మారిన ఫాబ్రే ఉద్యోగం వదిలేసి, పిల్లల కోసం విజ్ఞాన పుస్తకాలు రాసి బతికారు. మిల్ బాకీ మొత్తం తీర్చేశారు. 1877లో, పురుగుల వేటలో తోడుగా ఉండే కొడుకు జూల్స్ చిన్న వయసులోనే చనిపోయాడు. కొత్తగా కనుగొన్న కందిరీగలకు ఆ కొడుకు పేరు పెట్టుకున్నారు.

బీడు భూమి

1879లో, 55 ఏళ్లు దాటాక, సెరిన్యాన్ అనే పల్లెలో సుమారు రెండున్నర ఎకరాల నేల, ఇల్లు కొన్నారు. రాళ్లు, ముళ్ల మొక్కలు తప్ప ఏమీ పండని నేల. అక్కడి మాటలో హర్మాస్ అంటే బీడు. ఎవరికీ పనికిరాని ఆ బీడే ఆయనకు ప్రయోగశాల. ఆ ఏడాదే కీటకాల మీద తన గ్రంథం మొదటి సంపుటం వెలువడింది. 1907 నాటికి పది సంపుటాలు అయ్యాయి.

చీమ, మిడత కథ మనందరికీ తెలుసు. ఫ్రాన్సులో ఆ కథలో మిడత బదులు సికాడా, అంటే ఎండాకాలం చెట్టు మీద గీమని అరిచే ఈలపురుగు ఉంటుంది. చలికాలంలో అది చీమ దగ్గరికి బిచ్చానికి వస్తుంది. ఫాబ్రే చూసింది దీనికి పూర్తిగా తలకిందులు. మండే జులై మధ్యాహ్నం ఈలపురుగు బెరడుకు సన్నని రంధ్రం చేసి రసం తాగుతుంది. దాహంతో ఉన్న చీమలు ఆ ఊట దగ్గర మూగుతాయి. దాని కాళ్లు కొరుకుతాయి, రెక్కలు లాగుతాయి. విసిగిపోయి అది బావిని వదిలి ఎగిరిపోతుంది. కొన్ని వారాలకు అది చచ్చి రాలితే ఆ చీమలే ముక్కలు చేసి మోసుకుపోతాయి. నాలుగేళ్లు నేలలో గడిపి, కొద్ది వారాలే ఎండ చూసే ఆ పురుగు చలికాలానికి బతికే ఉండదు, ఇక బిచ్చం అడిగేదెప్పుడు? కష్టం చేసినవాడు సోమరి, దోచుకున్నవాడు కష్టజీవి అని వందల ఏళ్లు కథ నడిచింది. చూడకుండా రాసిన కథల్లో ఎవరికి ఏ పేరు పడుతుందో ఆలోచించండి.

పేడపురుగుల విషయమూ అంతే. ఒకటి ఉండను దొర్లిస్తుంటే రెండోది వచ్చి చెయ్యి వేస్తుంది. అది స్నేహితుడి సాయమని పాత పుస్తకాలు రాశాయి. సందు దొరికితే ఉండతో ఉడాయించే దొంగ అని ఫాబ్రే చూపించారు. ఆ పురుగు నేలలో గుడ్డు పెట్టే ఉండ ఆకారం ఆయనకు చాలా ఏళ్లు దొరకలేదు. చివరికి బేరిపండు ఆకారంలో ఉన్న దాన్ని తవ్వి తెచ్చి ఇచ్చింది ఒక గొర్రెల కాపరి కుర్రవాడు. ఆ సంగతి ఫాబ్రే స్వయంగా రాసి, అతనికి దక్కాల్సిన గౌరవం ఇచ్చారు.

ఒకసారి ఆయన ఉదయం నుంచి ఒక రాయి మీద కూర్చుని కందిరీగ కోసం కాచుకున్నారు. ద్రాక్ష కోతకు పోతున్న ముగ్గురు ఆడకూలీలు చూశారు. సాయంత్రం తిరిగి వస్తుంటే అదే చోట, అలాగే కూర్చున్నారు. పాపం పిచ్చివాడని జాలిపడి దేవుడికి దండం పెట్టుకుని పోయారు.

ఆయన లోపాలు

గొప్పవాడని అన్నీ ఒప్పుకోనక్కర లేదు. ఫాబ్రే పరిణామ సిద్ధాంతాన్ని చివరి దాకా అంగీకరించలేదు. అయినా డార్విన్‌తో ఉత్తరాలు నడిచాయి. డార్విన్ సూచనతో మట్టి తేనెటీగలను డబ్బాలో గిరగిరా తిప్పి దూరంగా వదిలి, అవి ఇల్లు చేరడం పరీక్షించారు. చెట్ల కింద ఊరి ఫిరంగులు పేల్పించినా ఈలపురుగులు పాట ఆపలేదని, అవి చెవిటివని రాశారు. వాటికి వినికిడి ఉందని తర్వాత తేలింది. కందిరీగ పోటు ప్రతిసారీ అంత గురిగా ఉండదని కూడా తర్వాతి వాళ్లు చూపించారు. వాళ్లు ఆయన్ను సరిదిద్దింది ఆయన పద్ధతితోనే, అంటే వెళ్లి కూర్చుని చూసి.

ముసలితనంలో మళ్లీ పేదరికం వచ్చింది. 1910లో అభిమానులు సెరిన్యాన్‌లో సన్మానం చేశాక దేశానికి ఆయన గుర్తొచ్చారు. సాహిత్యంలో నోబెల్ బహుమతికి పేరు ప్రతిపాదించారు గానీ రాలేదు. 1913లో దేశాధ్యక్షుడు పొయింకారే స్వయంగా వచ్చి పలకరించారు. 1915 అక్టోబరు 11న, 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆ బీడు నేల ఇప్పుడు మ్యూజియం. జపానులో బడిపిల్లలకు కూడా ఆయన పేరు తెలుసు.

మనకేమిటి?

ఈ చదువు మన ఇళ్లకు దూరమైనది కాదు. ట్రైకోగ్రామా అనే కంటికి ఆనని కందిరీగ గుడ్లు అంటించిన అట్టముక్కలను ఈ రోజు పత్తి, వరి, చెరకు చేలల్లో కడుతున్నారు. అది పంటను తినే పురుగు పెట్టిన గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. శత్రువు పుట్టకముందే పోతుంది. 1997-98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు పత్తిని తినేస్తే, మందుల అప్పులతో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. డబ్బా మీది మందుకు మిత్ర పురుగు ఏదో, శత్రువు ఏదో తెలియదు. చేనులో కూర్చుని చూసేవాడికి తెలుస్తుంది. వీపు మీద పంపు మోసే అమ్మానాన్నల పిల్లలం మనం. ఆ చూపు మనకు రావాలి.

తమ్ముళ్లూ, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. మీలో చాలామంది మీ ఇంట్లో మొదటివాళ్లు అవుతారు. ముందు నడిచినవాడు ఇంట్లో లేనప్పుడు భయం వేస్తుంది. నాయనమ్మ ఇంట్లో ఒక్క పుస్తకం లేని ఫాబ్రే పది సంపుటాలు రాశారు. ఆయనకు ప్రయోగశాల లేదు, ఓపిక ఉంది. ఒక పరీక్ష, ఒక ఉచిత సీటు, కష్టంలో చెయ్యి ఇచ్చిన ఒక స్నేహితుడు కలిసొచ్చారు. సీటు మనకు ఉంది. పరీక్ష మన చేతిలో ఉంది. ఇక ఇక్కడి నుంచి బయటికి వెళ్లి నిలదొక్కుకున్న అన్నలందరూ ఆ మూడోది మరచిపోకూడదని ఈ సంచిక ద్వారా కోరుతున్నాను.